ఊడొచ్చిన సిలికాన్ పట్టీని ఒకసారి తిప్పి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అనంతపురంలో బళ్లారి రోడ్డు వైపు ఒక కళ్యాణమండపం పని మీరు చేశారు. పైన పాత నీలం రంగు కలర్ కోటెడ్ షీటు, ముందర అద్దాల గోడ, దాని కింద అంచుకు తాడిపత్రి నల్లబండ. మార్చిలో మధ్యాహ్నం పూట షీటు అతుకుల మీద నీళ్లు దిగకుండా ట్యూబు సిలికాన్ వేస్తే జులై వానలకల్లా రిబ్బనులా ఊడొచ్చింది. బండ దగ్గర వేసింది తెల్లగా పొడిపొడిగా అయి వదిలేసింది. లోపల పాత సిలికాన్ మీద పెయింటర్ వేసిన రంగు ఉల్లిపొరలా లేచిపోయింది. మూడు కంపెనీల ట్యూబులు మార్చినా ఇదే కథ. "గట్టిగా అంటుకోవాలంటే ఏ ప్రైమర్ కొనాలో చెప్పన్నా" అని అడిగారు.

ప్రైమర్, అంటే సిలికాన్ వేసే ముందు అంటు కోసం పూసే పలచటి మందు, దాని దగ్గరికి వస్తాను. ముందు షీటు మీద నుంచి ఊడొచ్చిన పట్టీ ఒకటి తీసుకుని, తిప్పి, వెనకవైపు వెలుతురులో చూడండి. వేలితో రుద్దండి. నీలం పొడి అంటుకుందా? నా అంచనా ప్రకారం అంటుకుంటుంది. అదే నిజమైతే మీ సిలికాన్ తన పని తాను చక్కగా చేసింది. అది పొడికి గట్టిగా అంటుకుంది. షీటును వదిలేసింది ఆ పొడి. ఎండకు కొన్నేళ్లు మాడిన పెయింటు పైపొర సుద్దలా పొడి అవుతుంది. ఆ సుద్ద మీద మీరు ఏ కంపెనీ ట్యూబు వేసినా, సున్నం కొట్టిన గోడకు స్టిక్కర్ అంటించినట్టే ఉంటుంది.

ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. కడపలో కిటికీ అద్దాలు బిగించే కుర్రవాడిగా మొదలై, అద్దాల గోడలు చేసి, తర్వాత సబ్‌స్టేషన్లలో పింగాణీ ఇన్సులేటర్లకు సిలికాన్ పూత పట్టించే పనికి వచ్చాను. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో నిజంగా ట్యూబులోని సరుకు చెడ్డదై ఊడినవి చాలా తక్కువ. మిగతావన్నీ మధ్యలో దూరిన మూడోదాని వల్లే. దుమ్ము, నూనె, మైనం, సిమెంటు పాలు, తడి, సుద్దగా మారిన పెయింటు. ఆ మూడోదాన్ని చూడకుండా ట్యూబు మారిస్తే ఆడలేక మద్దెల ఓడన్నట్టే.

ఊడిన తీరును మూడు రకాలుగా చదవచ్చు. సిలికాన్ తనలో తానే చిరిగి, కొంత ఇటు కొంత అటు మిగిలిందనుకోండి, అంటు బాగానే ఉంది. సందు చిన్నదై లాగుడు ఎక్కువైంది, లేదా సరుకు నాసిరకం. వెనకవైపు నున్నగా, ఏమీ అంటకుండా అరటి తొక్కలా వచ్చిందంటే ఆ ఉపరితలానికీ ఆ సిలికాన్‌కూ అసలు బంధమే కుదరలేదు. ప్రైమర్ అవసరం వచ్చేది ఇక్కడే. వెనకవైపు ఏదో ఒకటి మోసుకొచ్చిందంటే శుభ్రం చేయడంలో లోపం. మీకు మూడు చోట్లా మూడు వేరు వేరు జబ్బులు ఉన్నాయి. ఒకే మందు అడుగుతున్నారు.

అసలు సిలికాన్ స్వభావం కొంచెం తెలిస్తే మిగతాది సులువవుతుంది. దాని వెన్నెముక సిలికాన్ అనే మూలకం (పేరు ఒకటే అయినా ఇది ట్యూబులోని సరుకు కాదు) పరమాణువు, ఆక్సిజన్ పరమాణువు మార్చి మార్చి అల్లుకున్న గొలుసు. గాజు, ఇసుక కూడా ఎక్కువగా ఆ రెండింటితోనే ఏర్పడ్డాయి. కానీ ఈ గొలుసుకు రెండు వైపులా కార్బన్, హైడ్రోజన్ కలిసిన మిథైల్ గుంపులు గొడుగుల్లా కప్పి ఉంటాయి. బయటికి కనిపించేది ఆ గొడుగులే. అందుకే గట్టిపడిన సిలికాన్ మీద నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్టులా జారిపోతాయి. లెక్కలో చెప్పాలంటే నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, సిలికాన్‌ది 20, 22 మధ్య. ఇంత తక్కువ ఉండటంలో ఒక లాభం, ఒక నష్టం. పచ్చిగా ఉన్నప్పుడు సిలికాన్ దాదాపు దేని మీదైనా చక్కగా పరుచుకుంటుంది, సందుల్లోకి పాకుతుంది. గట్టిపడ్డాక దాని మీద ఏదీ నిలవదు. మీ పెయింటర్ రంగు లేచిపోయింది అందుకే.

చక్కగా పరుచుకోవడం వేరు, అంటుకోవడం వేరు. పరుచుకున్నంత మాత్రాన బంధం పడదు. గొడుగుల కింద నుంచి ఎవరో ఒకరు చెయ్యి చాపి అవతలి ఉపరితలాన్ని పట్టుకోవాలి. ఆ పని చేసేది సైలేన్ అనే రసాయనం. ప్రైమర్ డబ్బాలో ఉండేది ఎక్కువగా ఇదే, బాగా పలచటి ద్రావణంగా. మంచి న్యూట్రల్ (గట్టిపడేటప్పుడు ఆమ్లం వదలని) సిలికాన్ ట్యూబులో కూడా కొంచెం కలిపే ఉంచుతారు.

సైలేన్‌ను పెళ్లిళ్ల పేరయ్య అనుకోండి. రెండు ఊళ్లలోనూ చుట్టరికం ఉన్నవాడు. ఒకవైపు ఉన్న ఆల్కాక్సీ గుంపులు గాలిలోని తేమ తగలగానే సిలనాల్‌గా మారి, గాజు మీదా లోహం మీదా ఉండే హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) గుంపులతో కలిసిపోతాయి. రెండోవైపు ఉన్న అమైనో గుంపో, ఎపాక్సీ గుంపో, వినైల్ గుంపో పైన వచ్చే పాలిమర్‌కు, అంటే ఇక్కడ సిలికాన్‌కు, సరిపోయేదై ఉంటుంది. మన పేరయ్యకీ దీనికీ తేడా ఒక్కటే: పెళ్లి చేసి వెళ్లిపోడు, ఇద్దరి మధ్యా అక్కడే స్థిరపడతాడు. ఇంకోటి, పేరయ్య ఒకడు చాలు. పదిమంది వస్తే పెళ్లి చెడుతుంది. ప్రైమర్‌ను బ్రష్‌తో రెండు మూడు కోట్లు దట్టంగా పూసేవాళ్లను చూశాను. అది ఆరాక తెల్లటి పెళుసు పొర అవుతుంది, సిలికాన్ ఆ పొరతో సహా ఊడొస్తుంది. గుడ్డతో పలచగా తుడిచినట్టు పూయాలి, అంతే.

గాజు మీద సిలికాన్ అంత బాగా అంటుకోవడానికి కూడా కారణం ఇదే. గాజు నిండా ఆ హైడ్రాక్సిల్ గుంపులే. ఆనోడైజ్ చేసిన, అంటే కరెంటుతో పైన ఆక్సైడ్ పొర పెంచిన, అల్యూమినియం కూడా అంతే. పౌడర్ కోటింగ్ అల్యూమినియం దగ్గరికి వస్తే నమ్మలేం. కొన్ని పౌడర్లలో జారుడు కోసం మైనం కలుపుతారు, అది పైకి తేలి ఉంటుంది. ఒకే రంగు, ఒకే కొట్టు, రెండు లాట్లు, ఒకటి పట్టి ఒకటి పట్టకపోవడం నాకు ఎదురైంది. పాలిథిన్, పాలిప్రొపిలీన్ లాంటివాటికి మాత్రం మామూలు సిలికాన్ పట్టదు. మంట చూపించో, కరోనా యంత్రం (హై వోల్టేజి కరెంటుతో గాలిలో మెరుపు పుట్టించేది) కింద పెట్టో ఉపరితలాన్ని మార్చాలి, లేదా వాటికని ఉన్న ప్రత్యేక ప్రైమర్ వాడాలి.

ఇప్పుడు మీ షీటు. సుద్దగా మారిన పెయింటును ఆల్కహాల్‌తో తుడిస్తే పోదు, అటూ ఇటూ పూసినట్టు అవుతుంది. డిటర్జెంటు నీళ్లు, పచ్చ స్క్రబ్బర్ తీసుకుని సిలికాన్ పడే వెడల్పు కంటే రెండు వేళ్లు ఎక్కువగా రుద్దండి. వేలికి నీలం అంటనంతవరకు. తర్వాత మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. సబ్బు మిగిలితే అదీ మూడోదే. అప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మన షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. పెయింటు థిన్నర్ వద్దు, కొట్టులో దొరికే థిన్నర్లలో ఏమేం కలుస్తాయో ఎవరికీ తెలియదు, జిడ్డు మిగులుస్తుంది. కిరోసిన్ అసలే వద్దు.

తుడిచేది రెండు గుడ్డలతో. ఒకటి ఐపీఏతో తడిపినది, ఒకటి పొడిది. తడిగుడ్డ జిడ్డును కరిగిస్తుంది. అది ఆవిరయ్యేలోపు పొడిగుడ్డతో ఎత్తేయాలి. ఆరేదాకా వదిలేస్తే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే, ఇంకా నున్నగా పరుచుకుని కూర్చుంటుంది. చల్లటి ఊళ్లలో అయితే తీరిగ్గా చేయొచ్చు. అనంతపురం ఎండలో ఐపీఏ క్షణాల్లో ఎగిరిపోతుంది. అందుకని ఒక మీటరు తడుపు, ఒక మీటరు తుడువు, అంతకంటే ఎక్కువ ముందుకు పోకూడదు. గుడ్డ తెల్లటిదై ఉండాలి. రంగురంగుల బనియన్ వేస్ట్‌తో తుడిస్తే మురికి వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? ఐపీఏకి నిప్పు తొందరగా అంటుకుంటుంది, పైన బీడీలు ఆపించండి.

వేళ సంగతి. మీరు మధ్యాహ్నం వేశారని రాశారు. ఆ ఎండకు షీటు చెయ్యి పెట్టలేనంత కాలి ఉంటుంది. చాలా కంపెనీలు ఉపరితలం వేడి 40 డిగ్రీలు దాటితే వేయొద్దని ట్యూబు మీదే రాస్తాయి. వేడికి పైన చర్మం గబగబా కట్టేస్తుంది, మీరు వేలితోనో గరిటెతోనో అదిమే సమయానికి అది సందులోకి దిగదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మధ్యాహ్నం షీటు పూర్తిగా సాగి ఉంటుంది. ఇనుము మీటరుకు ఒక్కో డిగ్రీకి 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆరు మీటర్ల షీటు మధ్యాహ్నం 65 డిగ్రీల నుంచి తెల్లవారుజామున 25 డిగ్రీలకు దిగితే దాదాపు మూడు మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. లోపల ఇంకా పచ్చిగా ఉన్న సిలికాన్‌ను ఆ రాత్రే షీటు లాగేస్తోందన్నమాట. బంధం పడకముందే తెగుతోంది.

కాబట్టి సాయంత్రం ఐదున్నర తర్వాత, షీటు మీద అరచెయ్యి నిబ్బరంగా పెట్టగలిగినప్పుడు వేయండి. రాత్రికి గాలిలో తేమ కాస్త పెరుగుతుంది, అది కూడా మంచిదే. ట్యూబులో వచ్చే సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, ఎండతో కాదు. ఇది చాలామందికి తిరగబడి తెలుసు, "మంచి ఎండ ఉంది, తొందరగా ఆరుతుంది" అంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో తేమ ఎక్కడిది? మామూలు వాతావరణంలో మొదటి రోజు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గట్టిపడుతుంది. రెండో రోజు అంత పడదు, ఎందుకంటే తేమ గట్టిపడిన పొరను దాటుకుని లోపలికి పోవాలి. లోతు రెట్టింపైతే పట్టే రోజులు నాలుగు రెట్లు. పది మిల్లీమీటర్ల మందం ఉంటే కనీసం పదకొండు పన్నెండు రోజులు వేసుకోండి, పొడిగాలిలో ఇంకా ఎక్కువ.

గట్టిపడటం ఒకటి, అంటు ముదరడం ఇంకొకటి. సైలేన్ నెమ్మదిగా పనిచేస్తుంది. న్యూట్రల్ సిలికాన్‌కు పూర్తి అంటు రావడానికి ఒక వారం నుంచి మూడు వారాలు పట్టొచ్చు. మర్నాడు పొద్దున్నే గోరుతో గీకి "అన్నా, ఊడొస్తోంది" అని ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఇరవై ఒక్క రోజులు దాని జోలికి పోకండి.

అంటు బలం పెంచడం ఒక దారైతే, అంటు మీద పడే లాగుడు తగ్గించడం ఇంకో దారి. ఇది ఎవరూ పట్టించుకోరు. షీటు అతుకు మీద ఒక మిల్లీమీటరు మందాన పూసి వదిలేస్తే, మూడు మిల్లీమీటర్ల కదలికను ఆ సన్నపొర ఎలా మోస్తుంది? ప్లస్ ఆర్ మైనస్ 25 శాతం (అంటే సందు వెడల్పులో పావు వంతు సాగగలదు, ముడవగలదు) అని రాసిన సిలికాన్‌కు మూడు మిల్లీమీటర్ల కదలిక ఉంటే సందు పన్నెండు మిల్లీమీటర్లు ఉండాలి. అద్దాల గోడ దగ్గర మీరు సందులు వదిలే ఉంటారు, అక్కడ వెనక నురుగు తాడు, అదే బ్యాకర్ రాడ్, పెట్టి లోతును వెడల్పులో సగానికి తెచ్చుకోండి. రాడ్ లేకపోతే సిలికాన్ వెనక గోడకు కూడా అంటుకుని మూడు వైపులా బిగుసుకుంటుంది, ఇక సాగడానికి దారి ఉండదు, పక్క అంచు నుంచి విడిపోతుంది. షీటు మీద అయితే పైన పూత కాకుండా, రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి పడే చోట మధ్యలో బ్యుటైల్ టేపు, అంటే మెత్తటి జిగురు రబ్బరు పట్టీ, పెట్టి స్క్రూ బిగించడం సరైన పని. పైన వేసే సిలికాన్ తోడు మాత్రమే. పాత పైకప్పుకు ఇప్పుడు అన్ని స్క్రూలూ విప్పలేమంటే నాకు అర్థమవుతుంది. కనీసం సాఫ్ట్‌గా సాగే రకం, డబ్బా మీద లో మాడ్యులస్ అని రాసి ఉన్నది తీసుకోండి.

బండ దగ్గరి కథ వేరు. ఆ ట్యూబు తెరిచినప్పుడు వెనిగర్ వాసన వచ్చిందా? తప్పకుండా వచ్చే ఉంటుంది. అది అసిటాక్సీ రకం, గట్టిపడేటప్పుడు అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. తాడిపత్రి నల్లబండైనా, కడప బండైనా, బేతంచెర్ల బండైనా సున్నపురాయే. నమ్మకం లేకపోతే మూల ముక్క మీద కొంచెం రాయిపొడి గీకి నిమ్మకాయ పిండండి, బుసబుసా పొంగుతుంది. సిలికాన్ వదిలిన ఆమ్లం బండను అలాగే తిని కాల్షియం అసిటేట్ అనే తెల్ల ఉప్పుగా మారుస్తుంది. అది నీళ్లలో కరిగేది. మీరు చూసిన తెల్లపొడి అదే. మీ సిలికాన్ తన కాళ్ల కింద నేలను తానే తవ్వుకుంది. సిమెంటు గోడకూ, జింకు పూత ఉన్న రేకుకూ, రాగికీ ఇది పనికిరాదు. వట్టి గాజుకు గాజు, అక్వేరియం లాంటివాటికి బాగుంటుంది, చవక, తొందరగా పడుతుంది.

నేను దీన్ని నేర్చుకున్నది ప్రొద్దుటూరులో. ఒక బంగారం కొట్టులో నిలువెత్తు అద్దాలు గోడకు అతికించాను, 2003 కావచ్చు. దుకాణదారు పెద్దాయన వెండి కంచంలో టిఫిన్ పెట్టించి మరీ చేయించుకున్నాడు. మూడు నెలలకు కబురొచ్చింది. వెళ్లి చూస్తే ప్రతి అద్దం మీదా, నేను వెనక సిలికాన్ చుక్కలు పెట్టిన చోటల్లా, అరచేతి అంత నల్ల మరకలు. ఆమ్లం అద్దం వెనక వెండిపూతను తినేసింది. పెద్దాయన కోప్పడలేదు. "మా కొట్లో వెండి తినేది నువ్వొక్కడివే నాయనా" అన్నాడు. అద్దాలన్నీ నా డబ్బుతో మార్చాను. అప్పటినుంచి ట్యూబు కొనేటప్పుడు ముందు వాసన చూస్తాను, ధర తర్వాత.

బండకు న్యూట్రల్ రకం, అందులోనూ రాయికి మరక పట్టనిది అని రాసినది కావాలి. మామూలు రకాల్లోని నూనె రాయి రంధ్రాల్లోకి దిగి అంచు పొడుగునా నల్లటి చార వేస్తుంది. ఇంకో సంగతి, మన దగ్గర బండకు మెరుపు రావాలని పాలిష్ వాళ్లు నూనె రుద్దుతారు. దాని మీద ఏదీ నిలవదు. సందు లోపలి ముఖాన్ని ఎమరీ పేపర్‌తో రుద్ది, దుమ్ము ఊది, ఐపీఏతో తుడిచి, ప్రైమర్ పూయండి. రాయి మీద ప్రైమర్ తప్పనిసరి అనే అంటాను నేను. రంధ్రాల్లో మిగిలిన కోత పొడిని అది కట్టిపడేస్తుంది, నీళ్లు వెనక నుంచి వచ్చి బంధాన్ని విడదీయకుండా ఆపుతుంది. బండ తడిగా ఉంటే మాత్రం రెండు రోజులు ఆగండి.

మూడోది, పాత సిలికాన్ మీద రంగు. దీనికి ప్రైమర్ వెతకొద్దు. ఫ్యాక్టరీల్లో ప్లాస్మాతోనో (కరెంటుతో రేగిన వాయువు), ఇందాక చెప్పిన కరోనా యంత్రంతోనో గట్టిపడిన సిలికాన్ పైపొరలోని మిథైల్ గొడుగులను కాల్చి, గాజులాంటి పొరగా మార్చి దాని మీద పూత పట్టిస్తారు. అక్కడ కూడా వెంటనే పూయాలి. ఎందుకంటే లోపలున్న పొట్టి గొలుసుల సిలికాన్ నూనె మెల్లగా పైకి పాకి, గంటల్లోనో రోజుల్లోనో ఆ ఉపరితలాన్ని మళ్లీ తామరాకు చేసేస్తుంది. మనం నిచ్చెన మీద నిలబడి చేసే పని కాదది. రంగు వేయాల్సిన చోట మొదటే ఎంఎస్ పాలిమర్ రకం సీలెంట్ వాడుంటే సరిపోయేది, దాని మీద రంగు పడుతుంది. ఇప్పుడు బ్లేడుతో పాతది కోసి తీసేసి, మిగిలిన జిడ్డును సిలికాన్ రిమూవర్‌తో, ఎమరీతో పోగొట్టి వేసుకోవాలి. అంత ఓపిక లేకపోతే గోడ రంగుకు దగ్గరగా ఉన్న రంగు సిలికాన్ ట్యూబు తీసుకుని దాని మీదే వేయండి. సిలికాన్ మీద నిలిచేది సిలికానే. పాతది గట్టిగా ఉంటే పైపొర కోసేసి, ఐపీఏతో తుడిచి, కొత్తది వేస్తే రెండూ కలిసిపోతాయి.

ఆ పాకే నూనె గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే నా పొట్ట నింపింది అదే. ఎర్రగుంట్ల, తాడిపత్రి పక్క సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర కరెంటు లైన్ల ఇన్సులేటర్ల మీద సిమెంటు దుమ్ము పడుతుంది, తెల్లవారి మంచుకు తడుస్తుంది, కరెంటు దాని మీదుగా పాకి ఫ్లాష్ఓవర్ అవుతుంది. అందుకని పింగాణీ మీద అర మిల్లీమీటరులోపు మందాన సిలికాన్ పూత వేస్తారు. దుమ్ము పూత మీద పడ్డా, ఆ నూనె దుమ్ములోకి కూడా పాకి దాన్నీ నీళ్లంటనిదిగా చేస్తుంది. రంగు నిలవనివ్వని గుణమే ఇక్కడ లైనును కాపాడుతుంది.

నా మొదటి సబ్‌స్టేషన్ పనిలో ఒక్క రోజుకే ఎల్సీ (లైన్ క్లియర్, అంటే పని కోసం కరెంటు ఆపి ఇచ్చే అనుమతి) ఇచ్చారు. పొద్దున నీళ్లతో కడిగించి, పదకొండుకల్లా తళతళలాడుతుంటే పూత కొట్టించాం. నాలుగు నెలలకు పాము కుబుసంలా పొరలు పొరలుగా దిగొచ్చింది. ఒక పొరను తిప్పి చూస్తే వెనకంతా బూడిదరంగు, వేలితో గీకితే గరగరా. సిమెంటు మంచుకు తడిసి తడిసి పింగాణీ మీద గట్టిపడి ఉంది, నీళ్లకు కదల్లేదు, తడి మెరుపులో మాకు కనపడలేదు. రెండోసారి ఒక రోజు ఎల్సీ కడగడానికే అడిగాను. వెదురు పుల్లలు, నైలాన్ స్క్రబ్బర్లు ఇచ్చి గీకించాను. స్టీలు బ్రష్ అయితే పింగాణీ నునుపు పోతుందని దగ్గరికి రానివ్వలేదు. ఒక్కో ఇన్సులేటర్‌నూ తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డ తెల్లగా వచ్చిందని నా కళ్లతో చూశాకే మర్నాడు మంచు ఆరిన తర్వాత పూత వేయించాను. పూత అదే డబ్బాలోది.

ఇక సరుకు ఎంపిక. చవక ట్యూబుల్లో సగం మినరల్ ఆయిల్ కలిపి అమ్మేవి ఉంటాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వ్యాపారం. అవి ఏడాదిలో నూనె కక్కి ముడుచుకుని అంచులు వదిలేస్తాయి. ఇంట్లోనే తెలుసుకోవచ్చు: పలచటి పాలిథిన్ కవరు ముక్క మీద కొంచెం సిలికాన్ పలచగా రాసి ఒక రోజు ఉంచండి. కవరు ముడతలు పడి వంకర్లు పోతే నూనె ఉన్నట్టు. ట్యూబు మీద తేదీ చూడండి, తయారై ఏడాది దాటితే వద్దు. తేదీ ఉన్నా, రేకుల షెడ్డులో వేసవంతా ఉడికిన ట్యూబును నేను తీసుకోను. ప్రైమర్ అయితే ఆ సిలికాన్ తయారు చేసే కంపెనీ దానికి జతగా చెప్పినదే కొనండి. ఒకరి సిలికాన్‌కు ఇంకొకరి ప్రైమర్ కుదరొచ్చు, కుదరకపోవచ్చు. డబ్బాలో గుడ్డ ముంచకండి, చిన్న గిన్నెలోకి వంపుకుని మూత వెంటనే బిగించండి. తేమ తగిలితే సైలేన్ డబ్బాలోనే తనతో తానే కలిసిపోయి అడుగున తెల్లగా దిగుతుంది. అలా దిగిన డబ్బా పారేయాల్సిందే. పూశాక డబ్బా మీద చెప్పినంత సేపు ఆరనిచ్చి, ఆ రోజే సిలికాన్ వేసేయండి. రాత్రి దుమ్ము పడితే మళ్లీ తుడుపు, మళ్లీ ప్రైమర్.

మొత్తం పైకప్పు మీద మళ్లీ డబ్బు పెట్టకముందు ఒక చిన్న పరీక్ష చేయండి. షీటు మీద పక్కపక్కనే మూడు పట్టీలు, ఒక్కొక్కటి జానెడు. ఒకటి ఏమీ చేయకుండా, ఒకటి రుద్ది కడిగి తుడిచి, ఒకటి అవన్నీ చేసి ప్రైమర్‌తో. ప్రతి పట్టీకి ఒక చివర రెండంగుళాలు కింద మాస్కింగ్ టేపు ఉంచండి, పట్టుకోవడానికి. బండ ముక్క మీద కూడా అలాగే మూడు. ఇరవై ఒక్క రోజుల తర్వాత టేపు చివర పట్టుకుని, నిటారుగా పైకి లాగండి. సగం పట్టీ వరకే లాగి ఆపండి. తర్వాత తడిగుడ్డ కప్పి ఎప్పటికప్పుడు తడుపుతూ వారం ఉంచి, మిగతా సగం లాగండి. పొడిలో అందరూ పాసవుతారు, నీళ్లలో నానాక తెలుస్తుంది అసలు బంధం ఎవరిదో. లాగినప్పుడు సిలికానే తెగిపోయి కింద పొర మిగిలితే ఆ పద్ధతితో మొత్తం పని చేసుకోండి. కడిగిన పట్టీ, ప్రైమర్ పట్టీ రెండూ ఒకేలా నిలిస్తే షీటుకు ప్రైమర్ డబ్బులు మిగిలినట్టే.

నిలవకపోతే ఊడిన పట్టీల వెనకవైపు ఫోటోలు తీసి పంపండి. ముందువైపు వద్దు, వెనకవైపు. పగటి వెలుతురులో, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి.